పొద్దుటి నడక, ఆ తర్వాత కుర్చీ

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈ సెలవుల్లో మీకో పని. పొద్దున్నే మామ్మనీ తాతయ్యనీ నడిపించి, ఆ తర్వాత ధ్యానానికి కూర్చోబెట్టాలి. వరస మార్చకండి. లేస్తూనే కూర్చుంటే కునికిపాట్లు పడతారు. ఒళ్లు కాస్త కదిలాక మనసు తొందరగా కుదురుతుంది.

ధాన్యం ఆరబోసిన రోడ్డు వద్దు, గింజల మీద కాలు జారుతుంది. వాన పడ్డ మర్నాడు కాలవ గట్టూ వద్దు. వేసవి ఉక్కలో చెమట ఆరదు, ఒంట్లో వేడి దిగదు, కాబట్టి ఎండ ఎక్కకముందే ఇంటికి చేరాలి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ సరైన వేగం. కొత్తలో 10 నిమిషాలు చాలు. మెల్లగా పెంచుకుంటూ 25కి వస్తే, వారానికి 6 రోజుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు పూర్తవుతాయి. షుగరు మందులు వాడేవాళ్లని పరగడుపున నడిపించకండి, జేబులో గ్లూకోజు ఉంచండి. గుండె పట్టేసినట్టున్నా, చల్లటి చెమట పోసినా అక్కడే కూర్చోబెట్టి 108కి ఫోన్ చేయండి. మీ ఫోను ఆ ఒక్కదానికే!

ఇంటికొచ్చాక కుర్చీలోంచి లేచి కూర్చోవడం, 5 సార్లు. ప్లాస్టిక్ కుర్చీ గచ్చు మీద జారుతుంది, గోడకి ఆనించండి. పాదాలు ముందుకి చాపితే ఎవరూ లేవలేరు. మడమలు మోకాళ్లకన్నా కాస్త వెనక్కి లాగి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేలా వంగి, ఊపిరి వదులుతూ లేవాలి. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ దిగాలి. ధబ్బున కూలబడితే తొడలకి పని తగలదు, నడుముకి దెబ్బ.

ధ్యానం ఆ కుర్చీలోనే, 10 నిమిషాలు. పద్మాసనం కోసం పట్టుపట్టకండి, అరిగిన మోకాళ్లు ఒప్పుకోవు. నాలుగు అంకెలు పీల్చడం, ఆరు అంకెలు వదలడం. మధ్యలో బిగబట్టనివ్వకండి, బీపీ ఉన్నవాళ్లకి మరీ ముఖ్యం. ఆయాసమనిపిస్తే లెక్క మానేసి మామూలుగా పీల్చమనండి. మనసు చేపల చెరువు మీదికో, కొబ్బరికాయల ధర మీదికో పోతుంది. పోనివ్వండి, మళ్లీ ఊపిరి దగ్గరికి వస్తే చాలు.

అయిపోగానే చేయి పట్టి లాగకండి. అంతసేపు కదలకుండా కూర్చుంటే రక్తం కాళ్లలోకి దిగుతుంది. దిగ్గున లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు పాదాలు పదిసార్లు పైకీ కిందకీ ఆడించాలి. తర్వాత కుర్చీ పట్టుకుని నిలబడి, పది లెక్కపెట్టి, అప్పుడు అడుగెయ్యాలి. కాఫీ ఆ తర్వాతే.

ఇట్లు,
మీ తాతయ్య