షీట్ మెటల్ పని మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రోగ్రామ్ వేసి పెడల్ తొక్కితే చాలు, మిగతాదంతా మెషీనే చూసుకుంటుంది.

ఈ మాట ఎక్కువగా ప్రెస్ బ్రేక్ (రేకుని వంచే మెషీన్) దగ్గర ఒక్క షిఫ్ట్ కూడా నిలబడని వాళ్లే అంటారు. రేకుని 90 డిగ్రీలకు వంచి పంచ్ (పైనుంచి దిగి రేకుని నొక్కే పనిముట్టు) పైకి లేపగానే అది కొంచెం తెరుచుకుంటుంది, దాన్నే స్ప్రింగ్ బ్యాక్ అంటాం. ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు స్టీల్) కంటే స్టెయిన్‌లెస్ ఎక్కువ తెరుచుకుంటుంది. అదే గ్రేడు, అదే మందం అయినా రేకు లాట్ (బ్యాచ్) మారితే నిన్న సరిగ్గా వచ్చిన యాంగిల్ ఇవాళ రాకపోవచ్చు, అందుకే మొదటి పీసు వంచి, కొలిచి, పంచ్ దిగే డెప్త్ సరిచేశాకే మిగతావి వంచుతాం.

అపోహ: 50, 50 మి.మీ.ల ఎల్ ఆకారపు పీసు కావాలంటే 100 కట్ చేస్తే సరి.

డ్రాయింగ్‌లో ఆ 50 బయటి కొలత, అంటే మూల దగ్గర మందాన్ని రెండుసార్లు లెక్కేస్తున్నట్టు. పైగా వంపు బయటివైపు సాగుతుంది, లోపలివైపు నొక్కుకుపోతుంది. 2 మి.మీ. ఎంఎస్, లోపలి రేడియస్ కూడా 2 అనుకుంటే కట్ చేయాల్సింది దాదాపు 96.5 మాత్రమే. ఈ రేడియస్ కూడా డైని (పంచ్ కింద రేకు ఆనే గాడి దిమ్మని) బట్టి మారుతుంది: మామూలుగా గాడి వెడల్పు మందానికి 8 రెట్లు ఉండే వి-డై వాడతాం, అది ఖాళీ లేదని ఎవరో ఇంకా వెడల్పుది బిగిస్తే రేడియస్ పెరిగి ఫ్లాంజ్ (వంచిన అంచు) కొలత తేడా కొడుతుంది. చివర్లో డబ్బాకి మూత కూర్చోకపోతే తిట్లు మాత్రం పాపం లేజర్ కటింగ్ వాళ్లకే!

అపోహ: 16 గేజ్ (రేకు మందం చెప్పే నంబరు) అంటే ఏ లోహమైనా ఒకే మందం.

కాదు. అమెరికన్ గేజ్ పట్టికల్లో 16 గేజ్ అంటే మామూలు స్టీల్‌కి 1.52 మి.మీ., స్టెయిన్‌లెస్‌కి 1.59, అల్యూమినియంకి 1.29. ఆర్డర్‌లో మి.మీ. రాయండి, గొడవ ఉండదు.

అపోహ: స్టెయిన్‌లెస్‌కి తుప్పు పట్టదు.

ఎంఎస్ మీద వాడిన గ్రైండింగ్ వీల్‌నో వైర్ బ్రష్‌నో దాని మీద రుద్ది చూడండి. అంటుకున్న ఇనుప రజను తడి తగలగానే ఎర్రటి మచ్చలవుతుంది, ఆ మచ్చల కింద స్టెయిన్‌లెస్ కూడా దెబ్బతినొచ్చు. వీల్స్, బ్రష్‌లు విడిగా పెట్టుకోవాల్సిందే.

అపోహ: జీఐ (జింక్ పూత వేసిన స్టీల్) వెల్డింగ్ చేశాక పాలు తాగితే పొగ ఏం చేయదు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది దీనికే. జింక్ 907 డిగ్రీలకే మరుగుతుంది, స్టీల్ కరగాలంటే 1400 దాటాలి, కాబట్టి వెల్డ్ పడేలోపే పూత పొగైపోతుంది. అది పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్లునొప్పులు. పాలు పోయేది కడుపులోకి, పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి! వెల్డ్ వచ్చేచోట పూత తీసేయాలి, పొగ లాగే ఎక్స్‌ట్రాక్షన్ పెట్టాలి, సరైన మాస్క్ వేసుకోవాలి. ఇక స్టెయిన్‌లెస్ పొగలో క్యాన్సర్ తెచ్చే హెక్సావాలెంట్ క్రోమియం ఉంటుంది, జ్వరం రాలేదు కదా అని దాన్ని తేలిగ్గా తీసుకుంటే ఎలా?

అపోహ: గ్లౌజులు ఎప్పుడూ తీయకూడదు.

రేకు పట్టుకునేటప్పుడు తప్పనిసరి. డ్రిల్ దగ్గర మాత్రం తీసేయాలి, తిరిగే బిట్ గ్లౌజు కొసని అందుకుందంటే చేతిని కూడా లాగేస్తుంది.