నెత్తిమీద నాగావళి

మా స్కూల్లో టెన్త్ చదువుకున్న కుర్రాడొకడు ఆమదాలవలసలో ఇల్లు కడుతున్నాడు. ప్లాను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. "మాస్టారూ, వాస్తు చూపించాం, బ్యాంకు లోను కూడా అయింది. అమ్మకి బీపీ, పిల్లాడికి ఏడాది నిండింది. ఆరోగ్యానికి ఏమేం చూసుకోవాలో మీరోసారి చెప్పండి" అని కింద రాశాడు.

కిటికీలకు దోమతెరలు, బాత్రూంలో జారని టైల్స్, బోరుకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య దూరం, ఇవన్నీ ముఖ్యమే. ఎవరినడిగినా చెబుతారు, నాకు రాయడానికి బద్ధకం. నేను ఆ ప్లానులో ఒక్కటే వెతికాను. అది ఎక్కడా లేదు. గోడలున్నాయి, గుమ్మాలున్నాయి, పడకగదిలో మంచం కూడా గీశారు. ఆ మంచానికి పైన ఏముందో మాత్రం ప్లాన్లలో ఎవరూ గీయరు. మన జిల్లాల్లో ఇంటి ఆరోగ్యం తేలేది అక్కడేనని నా నమ్మకం. రాత్రి పదిన్నరకి పడుకున్నవాడి నెత్తిమీద స్లాబు ఎంత వేడిగా ఉంది?

మా ఇంట్లో కరోనా రోజుల్లో కొన్న థర్మామీటరు ఒకటుంది, నుదుటికి తుపాకీలా గురిపెట్టేది. పోయిన మే నెలలో ఒక సాయంత్రం ఆరింటికి దాన్ని పడకగది సీలింగుకి గురిపెట్టి నొక్కాను. అంకె రాలేదు. 'హై' అని ఎర్రలైటు వెలిగింది. మనుషుల జ్వరం కోసం చేసిన పరికరం కదా, 43 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. రాత్రి పదిన్నరకి మళ్లీ నొక్కితే 39.4 చూపించింది. (ఆ అంకెలో నుదుటి కోసం కలిపే సవరణ కూడా ఉంటుంది, కాబట్టి పాయింటు తర్వాత అంకెను నమ్మక్కర్లేదు.) బయట అప్పటికే గాలి తిరిగింది, ఎదురింటి అరుగు మీద జనం హాయిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. మా స్లాబుకి మాత్రం జ్వరం దిగలేదు.

ఎండపోయి నాలుగు గంటలైతే ఈ వేడి ఎక్కడి నుంచి వస్తోంది? క్లాసులో ఇది చెప్పాల్సి వస్తే నేను నాగావళితో మొదలుపెట్టేవాణ్ని.

నాగావళి పుట్టేది ఒడిశాలో, కలహండి కొండల్లో. రాయగడ మీదుగా వచ్చి, తోటపల్లి బ్యారేజీ దాటి శ్రీకాకుళం చేరుతుంది. ఊళ్లో చక్కగా ఎండ కాస్తుంటుంది, ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఏరు మాత్రం ఎర్రగా పొంగుతుంటుంది. ఎప్పుడో పైన కురిసిన వాన ఇప్పుడు మన వంతెన కిందికి వస్తోందన్నమాట. స్లాబు పైముఖం కలహండి కొండ. కిందిముఖం, అంటే మన సీలింగు, శ్రీకాకుళం వంతెన. మధ్యలో ఉన్న అయిదంగుళాల కాంక్రీటు ఆ నది నడిచే దారి. మధ్యాహ్నం ఒంటిగంటకి పైన కురిసిన ఎండ ఆ దారిలో మెల్లగా దిగుతుంది. కాంక్రీటులో రోజువారీ వేడి అల అంగుళం దిగడానికి సుమారు 40 నిమిషాలు తీసుకుంటుంది. అయిదంగుళాలకి మూడు గంటల పైచిలుకు. అందుకే సీలింగు బాగా వేడెక్కేది మిట్టమధ్యాహ్నం కాదు, మనం టీ తాగే వేళకి. వరద ఎక్కినంత జోరుగా తీయదు కదా, ఇదీ అంతే. పది దాటినా తీస్తూనే ఉంటుంది.

వేడి ఇలా అలలా నడుస్తుందని లెక్కకట్టిన మహానుభావుడు ఫ్రెంచి గణితవేత్త ఫోరియర్, 1822లో. నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లొచ్చాక ఆయనకి వేడంటే ఇష్టం పెరిగిందనీ, ఫ్రాన్సులో కూడా గదులు మూసుకుని కూర్చునేవాడనీ చెబుతారు. ఒక్క మే నెల మా పై వాటాలో ఉంటే సరిపోయేది.

ఆ వరదలో ఎంత 'నీరు' ఉంటుందో లెక్కేద్దాం. పదడుగులకు పన్నెండడుగుల గది. పైన అయిదంగుళాల స్లాబు. దాని బరువు దాదాపు 3,400 కిలోలు. కిలో కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 0.9 కిలోజౌళ్ల దాకా కావాలి. మొత్తం స్లాబు పది డిగ్రీలు వేడెక్కితే అందులో చేరేది సుమారు 3 కోట్ల జౌళ్లు. కరెంటు మీటరు భాషలో 8 యూనిట్ల పైన. అంటే వెయ్యి వాట్ల హీటరు తెచ్చి పడకగదిలో ఎనిమిది గంటలు వెలిగించినంత వేడి మీ నెత్తిమీద నిల్వ ఉందన్నమాట. కొంత ఆకాశంలోకి పోతుంది, మిగతాది మీకే. ఏసీ పెట్టినవాళ్లు రాత్రంతా తోడి బయట పోస్తున్నది చాలావరకు ఈ నిల్వనే.

ఫ్యాను వేసుకుంటే పోదా అంటారు. ఫ్యాను గాలిని కదుపుతుంది, చెమట ఆరుతుంది, నిజమే. కానీ స్లాబు వేడి అంతా గాలిలో నడిచి రాదు. సూర్యుడి నుంచి వచ్చినట్టే వికిరణంగా తిన్నగా ఒంటి మీదకి దిగుతుంది. దానికి ఫ్యాను రెక్కలు అడ్డం కాదు. సీలింగు 40లో, చర్మం 34లో ఉంటే పైకి తిరిగిన ఒంటి మీద ఓ 20 వాట్లు పడుతుంటాయి. సీలింగు 28కి దిగితే వ్యవహారం తిరగబడి, దాదాపు అన్నే వాట్లు మన ఒంట్లోంచి దానివైపు పోతాయి. నిద్రలో ఒంట్లో పుట్టే వేడే 70, 80 వాట్లు. అది బయటికి పోతేనే లోపలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ దాకా తగ్గి గాఢనిద్ర పడుతుంది. నిద్ర వచ్చేముందు అరచేతులు, పాదాలు వెచ్చబడేది అందుకే, శరీరం వేడిని అటుగా వదిలించుకుంటుంది. ఎదురుగా అంతకన్నా వేడి స్లాబు ఉంటే వదిలేదెక్కడికి? బీపీ ఉన్న తల్లికీ, తన ఒంటి వేడిని సరిగా సర్దుకోలేని ఏడాది పిల్లాడికీ ఈ ఇబ్బంది మనకన్నా ఎక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. చలిదేశాల్లో ఇంట్లో ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు తగ్గకూడదని అంకె వేసి మరీ చెప్పింది. వేడి విషయంలో జాగ్రత్తపడండి అంది గానీ అంకె వేయలేదు. మన వంతు అంకె మనమే చూసుకోవాలి.

ఇళ్లన్నీ నదులు కావు. రేకుల ఇల్లు కొండ గెడ్డ (వాగు) లాంటిది. పైన చినుకు పడగానే పొంగుతుంది, వాన ఆగగానే ఇసక తేలుతుంది. పగలు అందులో ఉండలేం, రాత్రి ఎనిమిది దాటితే ఫరవాలేదు. మందపాటి మట్టిగోడ చెరువు. ఎంత వాన వచ్చినా మట్టం జానెడు పెరిగి ఊరుకుంటుంది. తాటాకు కప్పు అసలు నీళ్లు నిలవనివ్వని గొడుగు. ఉత్తరాంధ్ర చుట్టిల్లు చూడండి, కింద చెరువు, పైన గొడుగు. గుండ్రంగా, చూరు నేలదాకా వంచి కట్టడంతో గాలివానకి పట్టు దొరకదు. కట్టినవాళ్లకి ఫోరియర్ తెలియదు, తుఫాను తెలుసు.

అలాగని స్లాబుని తిట్టను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. ఆ రెండు తుఫాన్లలో పెంకులు ఎగిరిపోయిన ఇంట్లో ఉన్నవాడికి స్లాబు గొప్పతనం చెప్పక్కర్లేదు. తుఫానుకి డాబా కావాలి, మే నెలకి తాటాకు కావాలి. చిక్కంతా ఆ రెంటినీ ఒకే ఇంటి మీద ఎలా పెట్టాలన్నదే.

రాయలసీమ వాళ్లకి ఒక వెసులుబాటుంది. అక్కడ గాలి పొడి, రాత్రిపూట డాబా తన వేడిని ఆకాశంలోకి సులువుగా పంపించుకుంటుంది. మన దగ్గర గాలినిండా తేమ. ఆ నీటి ఆవిరి డాబా పంపిన వేడిని పట్టుకుని కొంత వెనక్కి తిప్పుతుంది. ఏరు సముద్రంలో కలిసేచోట ఆటుపోటు ఎదురైతే వరద తీయదు చూడండి, అదీ సంగతి.

ఇక వాస్తు. ప్లానులో మాస్టర్ బెడ్‌రూం నైరుతిలో ఉంది, అందరికీ అక్కడే ఉంటుంది. శ్రీకాకుళం మీద సూర్యుడు మే రెండో వారంలో ఒకసారి, జూలై ఆఖర్లో ఒకసారి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెండు తేదీల మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరంగా ఉంటాడు, కాబట్టి దక్షిణపు గోడకి ఆ వేళ ఎండే తగలదు. దెబ్బంతా స్లాబుకి. సాయంత్రమయ్యేసరికి పడమటి గోడకి. అంటే పగలంతా పైన కాలి, సాయంత్రం పక్కనుంచి కూడా కాలే గదిని ఏరికోరి పడుకోవడానికి పెట్టుకుంటున్నాం. ఆగ్నేయంలో వంటిల్లు అంటారు. మన తీరానికి సముద్రం ఉన్నదే ఆగ్నేయాన. సాయంకాలపు సముద్రపు గాలి ముందు పోపు ఘాటుని పలకరించి, దాన్ని వెంటబెట్టుకుని మిగతా గదుల్లోకి వస్తుంది. ఈ మాటన్నందుకు మా ఇంట్లోనే నన్ను నాస్తికుడన్నారు. కానీ అరసవిల్లి సూర్యదేవాలయం చూడండి. మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో పొద్దుటి కిరణాలు స్వామి పాదాలు తాకుతాయి. ఆ రెండు వేళల్లోనూ సూర్యుడు భూమధ్యరేఖకి దక్షిణంగా ఇంచుమించు ఒకే కోణంలో, నాలుగు డిగ్రీల దగ్గర ఉంటాడు. సూర్యుడు ఎప్పుడు ఎక్కడుంటాడో చూసి కట్టిన శిల్పి వాడు. నేను దణ్ణం పెట్టేది ఆ చూపుకి. పుస్తకంలో ఉందని నైరుతి పట్టుకోవడానికి కాదు.

మా కుర్రాడికి చెప్పినవి మూడే. వరదని వంతెన దగ్గర ఆపలేం, కొండల్లోనే ఆపాలి. అందుకే ఫాల్స్ సీలింగు మీద నాకు అంత గురి లేదు, అది వేడి లోపలికి వచ్చాక కట్టే గట్టు. డబ్బులుంటే స్లాబు మీద తెల్లటి పెంకుముక్కలు అతికించమన్నాను. లేకపోతే సున్నం. మే మధ్యాహ్నం ఆ గది స్లాబు మీద పడే ఎండ దాదాపు పది కిలోవాట్లు. పాతబడి బూడిదరంగు తిరిగిన డాబా అందులో సగం పైనే మింగుతుంది. కొత్త సున్నం మూడోవంతు కూడా మింగదు. మన తేమకి వానాకాలం తర్వాత డాబా నాచు పట్టి నల్లబడుతుంది, కాబట్టి ఏటా శివరాత్రి దాటాక గీకి కడిగి మళ్లీ వేయాలి. కాస్త ఫెవికాల్ కలిపితే పట్టి ఉంటుంది.

రెండోది పందిరి. పడకగది పైన అడుగు ఎత్తులో కొబ్బరి మట్టలు పరిస్తే చాలు. ఎండ మట్టల మీద పడుతుంది, మధ్య సందులోంచి గాలి పోతుంది. దసరాకి ముందు విప్పేయాలి, పైన రెండు తేదీలూ చూశారుగా.

మూడోది సాయంత్రం నీళ్లు చల్లడం. లీటరు నీరు ఆవిరైతే 24 లక్షల జౌళ్లు పట్టుకుపోతుంది. పైన చెప్పిన 3 కోట్ల జౌళ్లకి పన్నెండు పదమూడు లీటర్లు, అంటే ఒక బిందె చాలు! లెక్క చూసి నేనే నమ్మలేదు. కాకపోతే ఆవిరి కావాలి. మనం కుమ్మరించేదాంట్లో ఎక్కువభాగం గొట్టంలోంచి వీధిలోకి పోతుంది. గోనెసంచులు పరిచి తడిపితే నిలుస్తుంది. గుంటల్లో నీళ్లు మిగలకూడదు, డెంగీ దోమకి శుభ్రమైన నీళ్లే ఇష్టం. తేమ ఎక్కువున్న రోజున ఆవిరి మెల్లగా అవుతుంది, ఆ రోజు ఈ బిందె అంతగా పనిచేయదు.

ఇవన్నీ చెప్పి మా ఇంటి మీద చేయకపోతే బాగోదని మొన్న సున్నం వేయించాను. వచ్చిన మేస్త్రి బకెట్ దించి డాబా అంతా ఓసారి కలియజూశాడు. "గోడలకేయించుకోక ఈ మీదకెందుకు బాబూ, ఇక్కడ ఎవులు చూత్తారు?" అన్నాడు. నాగావళి దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. మధ్యలో బీడీ వెలిగించుకున్నాడు గానీ చివరిదాకా విన్నాడు. పని అయ్యాక అర బకెట్ సున్నం మిగిలింది. అది పారబోస్తారా అని అడిగి పట్టుకెళ్లాడు. వాళ్లది రేకుల ఇల్లట.