ఇంగ్లీషులో పాడితేనే ప్రపంచం వింటుందా? అపోహలు - వాస్తవాలు

నెలకి ఒకరైనా మా సంగీతం క్లాసుకి వచ్చి ఇదే మాట అంటారు: "మాస్టారూ, తెలుగు పాటలు చాల్లెండి, ఇంగ్లీషువి నేర్పండి. బయటి దేశాలవాళ్ళు వినాలంటే అదే కదా!" మొన్న ఒకాయన కూతురి యాస మార్చే కోచింగ్‌కే అరవై వేలు కట్టి, ఆ తర్వాత నా దగ్గరికి తీసుకొచ్చాడు. పిల్లకి పై షడ్జమం (పై స్థాయి ‘స’) ఇంకా నిలవట్లేదు. ఉన్న ఊపిరంతా ఉచ్చారణకే ఖర్చవుతోంది.

అలాంటివాళ్ళకి నేను సెర్బియా గాయని మరియా షెరిఫోవిచ్ పాట వినిపిస్తాను.

అపోహ: సొంత భాషలో పాడితే ఊరు దాటదు.

వాస్తవం: 2007 మే 12న ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో యూరోవిజన్ ఫైనల్. దేశాలు తలా ఒక పాటతో పోటీపడి, ఒకదానికొకటి పాయింట్లిచ్చుకునే యూరప్ పాటల పోటీ అది. సెర్బియా స్వతంత్ర దేశంగా పోటీకి రావడం అదే మొదలు. ఏ భాషలోనైనా పాడుకోవచ్చని 1999లో నిబంధన సడలించాక, అప్పటిదాకా గెలిచిన ప్రతి పాటలోనూ ఇంగ్లీషుంది. కొన్నిట్లో పూర్తిగా, ఒకదాంట్లో కొంత. ఈమె ‘మోలిత్వ’ని అచ్చంగా సెర్బియన్‌లో పాడింది. మోలిత్వ అంటే ప్రార్థన. 268 పాయింట్లతో గెలిచింది. రెండో స్థానంలో ఉన్న ఉక్రెయిన్‌కి 235. ఆ పాటకి ‘డెస్టినీ’ అని ఇంగ్లీషు రూపం కూడా ఉంది, అయినా స్టేజీ ఎక్కింది సెర్బియన్ పాటే. 2012లో సెర్బియాకి మూడో స్థానం తెచ్చిన జెల్కో యోక్సిమోవిచ్ పాటా సెర్బియనే. 2022లో ఐదో స్థానం తెచ్చిన కాన్‌స్ట్రాక్టా పాటలో కాస్త లాటిన్ ఉంది, ఇంగ్లీషు లేదు. 2015లో సెర్బియా ఇంగ్లీషు పాటతో వెళ్తే పదో స్థానం వచ్చింది. భాష వల్లే పదో స్థానం వచ్చిందని నేననను. ఇంగ్లీషుంటే చాలని మాత్రం ఎవరూ నాకు చెప్పొద్దు.

‘మోలిత్వ’ మొదలు దాదాపు మాట్లాడినట్టే ఉంటుంది. గొంతు మెల్లగా తెరుచుకుంటూ చివరికి నిండుగా వచ్చేస్తుంది. మాటల్ని వెతుక్కుంటూ పాడేవాళ్ళకి ఆ ధైర్యం రాదు.

అపోహ: పక్క దేశాల ఓట్లతో గెలిచింది.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే సగం నిజం ఇది. సెర్బియాతో పాటు ఒకప్పుడు యుగోస్లావియా అనే ఒకే దేశంగా ఉన్న ఐదు దేశాలూ తలా 12 ఇచ్చాయి. ఒక దేశం ఒక పాటకి ఇవ్వగలిగే గరిష్ఠం అదే. అంటే 60. మిగతా 208 ఎక్కణ్ణుంచి వచ్చాయి మరి? ఫిన్లాండ్ కూడా 12 ఇచ్చింది.

అపోహ: మెరుపు బట్టలు, డాన్సు లేకపోతే చూడరు.

వాస్తవం: సూటు, కళ్ళజోడు, వెనక ఐదుగురు గాయనులు. అంతే.

అపోహ: రాత్రికి రాత్రే స్టారయింది.

వాస్తవం: తల్లి వెరిత్సా కూడా గాయనే. తొలి ఆల్బం 2003లో వచ్చింది. లెక్క మీరే వేసుకోండి.

ఆ తండ్రిని నేను తప్పుపట్టను. కూతురు వెనకబడిపోతుందేమోనన్న భయం ఆయనది. పాట వింటూ, "ఏ భాషండీ ఇది?" అని అడిగి, మళ్ళీ పెట్టమన్నాడు. తర్వాతి వారం అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న జోలపాట పాడింది. రెండో చరణంలో శ్రుతి జారింది. ఇప్పుడు దాని మీదే పనిచేస్తున్నాం.