అడుగున సంతకం ఉంటే ఆమె గీసినట్టేనా?

నేనుండేది బర్మింగ్‌హామ్‌లో. పాత పింగాణీ సామానుకు మరమ్మతులు చేయడం, విలువ చెప్పడం నా పని. ఇక్కడి మనవాళ్లు కార్ బూట్ సేల్‌లో (జనం కారు డిక్కీలో తెచ్చి పాత సామాను అమ్ముకునే సంత) జగ్గో గిన్నో కొని, బోర్లించి ఫొటో తీసి పంపుతుంటారు. ప్రశ్న మాత్రం మారదు: "క్లారిస్ క్లిఫ్ సంతకం ఉందన్నా, ఎంత పలుకుతుంది?"

క్లారిస్ క్లిఫ్ అంటే ఒకప్పటి పేరుమోసిన ఇంగ్లిష్ పింగాణీ డిజైనర్. జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. ముందు ఇదే తేల్చుకుందాం.

అపోహ: అడుగున ఎవరి పేరుంటే రంగులు వేసింది వాళ్లే.

వాస్తవం: కాదు. చాలావాటి మీద అది కేవలం ముద్ర. సంతకంలా కనిపించే స్టాంపు, అంతే. క్లారిస్ క్లిఫ్ 13 ఏళ్లకే పనిలో చేరిన కార్మిక కుటుంబపు పిల్ల. 1927లో ఇంగ్లండ్‌లోని బర్స్‌లెమ్ ఊళ్లో, న్యూపోర్ట్ పాటరీ అనే పింగాణీ కర్మాగారంలో ఆమెకు ఒక స్టూడియో ఇచ్చారు. అమ్ముడుపోకుండా పడున్న లోపాల సరుకు మీద ముదురు రంగులు వేయించి, 'బిజార్' అని పేరు పెట్టి బజారుకు వదిలింది. ఎగబడి కొన్నారు. గిరాకీ పెరిగేకొద్దీ రంగులు వేసే అమ్మాయిలూ పెరిగారు. 'బిజార్ గర్ల్స్' అంటే వాళ్లే. ఒకరు గీత గీస్తే ఇంకొకరు రంగు నింపేవారు, మరొకరు తిరిగే చక్రం మీద పెట్టి చుట్టూ పట్టీలు వేసేవారు. 1928లో వచ్చిన 'క్రోకస్' డిజైన్‌లో పూరేకుల్ని ఒక్కో కుంచె వేటుతో వేసి, వస్తువును తలకిందులు చేసి ఆకులు గీసేవారు. పూలను దగ్గరగా చూస్తే ఆ చేతివాటం ఇప్పటికీ తెలుస్తుంది. డిజైన్ ఆమెది, పేరు ఆమెది, చెయ్యి మాత్రం వేరేవాళ్లది. దానివల్ల వస్తువు విలువ తగ్గదు. కానీ "ఆవిడ స్వయంగా వేసింది" అని చెప్పి ఎవరైనా రెట్టింపు ధర అడిగితే ఇవ్వక్కర్లేదు.

మొన్నొక జంట వచ్చారు. పెళ్లిరోజుకి కొన్న జగ్గును టవల్లో చుట్టుకుని తెచ్చారు. అమ్మినాయన "స్వహస్తాలతో" అన్నాడట. బోర్లించి చూశాను. క్లిఫ్ పేరుతో పాటు వెడ్జ్‌వుడ్ అనే పాత ఇంగ్లిష్ పింగాణీ సంస్థ ముద్ర కూడా ఉంది. 1990లలో వెడ్జ్‌వుడ్ అధికారికంగా చేసిన పునఃసృష్టి అది. దొంగ సరుకు కాదు, ముద్రలోనే విషయం ఉంది. చదవలేదంతే. అంతకుముందు 1985లో మిడ్‌వింటర్ అనే ఇంకో పింగాణీ సంస్థ కూడా ఇలాంటివి చేసింది. వీటిమీదా చేత్తో వేసిన రంగులుంటాయి, కాబట్టి కుంచె గీతలు కనబడ్డాయని మురిసిపోవద్దు. జగ్గు తెచ్చిన ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు ఆమెది కాదు, కోప్పడాల్సింది ఆమె మీద కాదు. కథ అల్లి అమ్మినవాడి మీద నాకు ఇప్పటికీ మండుతుంది.

మూర్‌క్రాఫ్ట్ అనే ఇంకో ఇంగ్లిష్ పింగాణీ సంస్థ సంగతి కొంచెం వేరు. దాన్ని పెట్టిన విలియం మూర్‌క్రాఫ్ట్ చాలా వస్తువుల మీద స్వయంగా సంతకం పెట్టేవాడు. అయినా పని పదిమందిది. గోరింటాకు కోన్‌లోంచి పిండినట్టు మెత్తని బంకమట్టితో డిజైన్ అంచులు గీసేది, లోపల రంగు నింపేది కార్మికులే. వెడ్జ్‌వుడ్ సంస్థ పెట్టిన జోసయా వెడ్జ్‌వుడ్‌దీ అదే తీరు. సాలార్‌జంగ్ మ్యూజియంలో చిన్నప్పుడు ఆ లేతనీలం సామాను చూసి, "ఈయనెవరో ఒక్కడే ఇన్ని చేశాడా" అనుకున్నాను. జాన్ ఫ్లాక్స్‌మన్ లాంటి శిల్పులు ఆయనకు నమూనాలు చేసిచ్చేవారని తర్వాత తెలిసింది.

మిగతావి గబగబా.

అడుగున 'ఆర్‌డీ నంబర్' ఉంటే అది డిజైన్ నమోదైన సంఖ్య. వస్తువు తయారైన సంవత్సరం కాదు. అదే డిజైన్‌ను ఏళ్ల తరబడి చేసుండొచ్చు. 'వెడ్జ్‌వుడ్ 1759' అని ఉంటే సంస్థ పుట్టిన ఏడాది. మీ ప్లేటుకు రెండున్నర శతాబ్దాల వయసు లేదు, సారీ.

నీలం, తెలుపు బొమ్మలుండే 'విల్లో' ప్లేట్ల మీద ప్రేమజంట కథ ప్రాచీన చైనాది అంటారు. డిజైన్ ఇంగ్లండ్‌లో, 1790 ప్రాంతంలో పుట్టింది. కథ ఆ తర్వాత అల్లింది.

గ్లేజు (పింగాణీ పైన నిగనిగలాడే పూత) మీద సన్నని చీలికలుంటే పాతదేనని నమ్మకం. కొత్త వస్తువులకూ వస్తాయి. టీ నీళ్లలో నానబెట్టి చీలికలకు పాతరంగు పట్టించే ఘనులూ ఉన్నారు.

చివరగా, టెన్షన్ పడుతూ అడిగే ప్రశ్న: "వీటిలో తినొచ్చా?" పాత గ్లేజుల్లో సీసం ఉండొచ్చు. పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. ఒకసారి తిన్నారని భయపడి రాత్రంతా నిద్ర మానుకోకండి, కానీ రోజూ వాడొద్దు. గోడకు తగిలించుకోండి, అల్మారాలో పెట్టుకోండి. ఆవకాయ, చింతకాయ పచ్చడి, పులిహోర మాత్రం వాటిలో పెట్టకండి. నెల కిందట ఒకావిడ క్రోకస్ గిన్నెలో నిమ్మకాయ ఊరగాయతో ఉన్న ఫొటో పంపి, "అన్నా, దీని రేటెంత?" అని అడిగింది. ముందు ఊరగాయ తీసేయమన్నాను.