అంతరిక్షంలో ఆస్తి: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో అంతరిక్ష స్టార్టప్‌ల ఒప్పందాలు, అనుమతులు చూసే లాయర్ని. స్కైరూట్, ధ్రువ స్పేస్ మన ఊరివని తెలిశాక పెళ్లిళ్లలో కూడా అంతరిక్షంలో ఏది ఎవరిదనే ప్రశ్నలే.

అపోహ: చంద్రుడి మీద ప్లాట్ కొనుక్కోవచ్చు.

కొనండి, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించుకోండి. అంతకుమించి ఎందుకూ పనికిరాదు. 1967 అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణం ప్రకారం చంద్రుణ్ని ఏ దేశమూ తనదనడానికి లేదు. "నిషేధం దేశాలకే కదా, నాకేంటి?" అంటారు కొందరు. సర్కారుకే హక్కు లేని నేలకు పట్టా ఎవరిస్తారు? కబ్జా పెట్టి ఏళ్లకేళ్లు కూర్చున్నా లాభం లేదు. ఆక్రమణ వల్ల హక్కు రాదని కూడా ఆ అధికరణంలోనే ఉంది.

అపోహ: అయితే అక్కడ ఏదీ ఎవరిదీ కాదు.

అసలు పేచీ ఇక్కడే. అదే 1967 ఒప్పందం ఎనిమిదో అధికరణం ప్రకారం పైకి పంపిన వస్తువు ఎక్కడున్నా యాజమాన్యం మారదు. చంద్రయాన్-3 ల్యాండర్ పనిచేయకపోయినా మనదే, అది నిలబడ్డ నేల మాత్రం మనది కాదు. మరి తవ్విన మట్టి, మంచు? తవ్వినవాళ్లవేనని అమెరికా 2015లో, లక్సెంబర్గ్ 2017లో చట్టాలు చేశాయి. చంద్రుడి మీద పనుల కోసం అమెరికా చొరవతో వచ్చిన, 2023లో మనం సంతకం పెట్టిన ఆర్టెమిస్ ఒప్పందాలూ తవ్వకం ఆక్రమణ కిందికి రాదనే అంటాయి. 1979 చంద్ర ఒప్పందం మాత్రం ఆ వనరులు మానవాళి ఉమ్మడి సొత్తంటుంది. దానిమీదా మన సంతకం ఉంది, ఆమోదమే ఇవ్వలేదు! ఇంత గందరగోళంలో గనుల మీద డబ్బు పెట్టేవాళ్లు ఆ రిస్కును ఒప్పందంలో రాయించుకోవాలి.

అపోహ: ప్రైవేటు కంపెనీతో ప్రభుత్వానికేం పని?

1967 ఒప్పందం ఆరో అధికరణం ప్రకారం ప్రైవేటు కంపెనీ చేసే పనికీ బాధ్యత దేశానిదే. మన దగ్గర అనుమతులిచ్చేది ఇన్-స్పేస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ. నష్టం జరిగితే లెక్క తేలేదీ దేశాల మధ్యే: 1978లో సోవియట్ సర్కారు ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడాలో కూలితే 30 లక్షల కెనడా డాలర్లు కట్టింది సోవియట్ ప్రభుత్వమే.

అపోహ: ఉపగ్రహం మీద దాడి జరిగితే సైన్యం చూసుకుంటుంది.

2019 మిషన్ శక్తిలో మన ఉపగ్రహాన్ని మనమే క్షిపణితో కూల్చాం. కూల్చగలం సరే, కాపాడటం వేరే విద్య. పైగా దెబ్బ పై నుంచే రానక్కర్లేదు. 2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన రోజే, అమెరికా ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ వయాశాట్ నెట్‌వర్క్ మీద సైబర్ దాడి జరిగింది. ఉపగ్రహానికి గీత పడలేదు, నేల మీద వేల మోడెమ్‌లు మూగబోయాయి. అందుకని బడ్జెట్‌లో గ్రౌండ్ స్టేషన్ (ఉపగ్రహంతో మాట్లాడే నేల మీది కేంద్రం) భద్రతకు ముందు డబ్బు తీసిపెట్టండి. ఇన్సూరెన్స్ కాగితంలో మినహాయింపుల పేజీ కూడా చదవండి, చాలా పాలసీల్లో యుద్ధ నష్టానికి పైసా రాదు.