విండ్ టన్నెల్‌కు దొరకని ఊపు

2022 ఫిబ్రవరి 23న ఫార్ములా వన్ కొత్త తరం కార్లు బార్సిలోనా సర్క్యూట్‌లో మొదటిసారి కలిసి పరుగు తీశాయి. సుమారు కిలోమీటరు పొడవున్న మెయిన్ స్ట్రెయిట్ మీద వేగం అందుకోగానే చాలా కార్లు పైకీ కిందికీ ఊగిపోయాయి. డ్రైవర్ల హెల్మెట్లు అదరడం టీవీలో చూసినవాళ్లకూ తెలిసింది. కంప్యూటర్లోనూ, నమూనా కారు మీదికి గాలి వదిలి పరీక్షించే విండ్ టన్నెల్లోనూ నెలల తరబడి నలిగిన డిజైన్లు కదా, ఇంత పెద్ద లోపం ముందే ఎందుకు బయటపడలేదు?

అసలు ఆ కార్లను మార్చింది ఓవర్‌టేకింగ్ కోసం. పాత కారు డౌన్‌ఫోర్స్ (కారును రోడ్డుకు అదిమే గాలి బలం) కోసం రెక్కల మీద ఎక్కువగా ఆధారపడేది. ముందున్న కారు చెదరగొట్టిన గాలిలోకి వెళ్తే ఆ బలం పడిపోయేది. ఫార్ములా వన్ లెక్క ప్రకారం 10 మీటర్ల దూరంలో వెంబడించే పాత కారు 46 శాతం డౌన్‌ఫోర్స్ పోగొట్టుకునేది, కొత్త డిజైన్‌లో అది 18 శాతానికి తగ్గాలి. అందుకే డౌన్‌ఫోర్స్‌లో పెద్ద వాటాను కారు అడుగుకు అప్పగించారు. ఫ్లోర్ కింద ఇరువైపులా పొడవైన వెంచురీ టన్నెల్స్, అంటే నడుమ ఇరుకయ్యే గాలి దారులు పెట్టారు. రోడ్డుకూ ఫ్లోర్‌కూ మధ్య సందు ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది, కారు కిందికి పీల్చుకుపోతుంది.

చిక్కంతా ఆ సందులోనే ఉంది. డౌన్‌ఫోర్స్ వేగం వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి 200 కిలోమీటర్ల వేగంలో ఉన్న బలం 300 దగ్గర 2.25 రెట్లవుతుంది. ఆ బరువుకు కారు కిందికి కుంగుతుంది, సందు ఇంకా తగ్గుతుంది, పీల్చే బలం ఇంకా పెరుగుతుంది. ఒక హద్దు దాటితే గాలికి దారి చాలదు. ఫ్లోర్‌నూ రోడ్డునూ అంటిపెట్టుకున్న మందగమన పొరలే సందును నింపేస్తాయి, ప్రవాహం విడిపోతుంది, బలం ఒక్కసారిగా పడిపోతుంది. అప్పటిదాకా నొక్కుకుపోయి ఉన్న టైర్లు, స్ప్రింగులు కారును పైకి నెడతాయి. సందు తెరుచుకోగానే ప్రవాహం మళ్లీ కుదురుకుంటుంది, కారు మళ్లీ కిందికి! సెకనుకు ఐదారుసార్లు ఇదే జరుగుతుంది. 300 కిలోమీటర్ల వేగంలో అంటే సుమారు 15 మీటర్లకొక ఊపు. దీన్నే పార్పోయిసింగ్ అంటారు.

సస్పెన్షన్ దీన్ని ఆపలేకపోయింది. ఫ్లోర్ ఎత్తు మారకూడదని స్ప్రింగులు చాలా గట్టిగా బిగించేవారు, దాంతో కదలికలో ఎక్కువ భాగం టైర్లలోనే జరిగేది. టైరు స్ప్రింగులా పనిచేస్తుంది కానీ ఊపును పెద్దగా అణచదు. పైగా అదే ఏడాది చక్రాలు 13 నుంచి 18 అంగుళాలకు మారాయి, టైరు పక్కగోడ పొట్టిదైంది. ఊపును అదుపు చేసే ఇనర్టర్లు అనే సస్పెన్షన్ పరికరాలనూ నియమాలు తీసేశాయి.

ఇక పరికరాల సంగతి. విండ్ టన్నెల్‌లో మోడల్ అసలు కారులో 60 శాతం కొలత మించకూడదు, గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు దాటకూడదు. 300 వేగంతో పోయే అసలు కారుతో పోలిస్తే రేనాల్డ్స్ సంఖ్య (కొలత, వేగాలను బట్టి గాలి ప్రవాహం తీరును చెప్పే సంఖ్య) 36 శాతమే వస్తుంది. అంతకన్నా ముఖ్యమైన అడ్డంకి మరొకటి: మోడల్‌ను పైనుంచి స్తంభానికి బిగించి, ఎత్తు నిర్ణయించి కొలుస్తారు. తనంతట తానే ఊగే స్వేచ్ఛ దానికి లేదు. వదిలేస్తే కింద పరుగెత్తే బెల్టును తాకి చింపేస్తుంది. ఊపు గాలిలో మాత్రమే లేదు, గాలి–స్ప్రింగు–టైరు కలిస్తేనే పుడుతుంది. విడివిడిగా కొలిస్తే దొరకదు.

టెస్టింగ్ మొదటి గంటల పని నెమ్మదిగానే సాగుతుంది. ఒక్క ల్యాప్ వేసి పిట్‌లోకి వచ్చి ఆయిల్, నీళ్లు ఎక్కడైనా కారుతున్నాయేమో చూస్తారు. తర్వాత చక్రాల వెనక గాలి పీడనం కొలిచే పిటో గొట్టాల చట్రం బిగించి స్థిర వేగంతో నడుపుతారు. మెరిసే రంగు పూసి గాలి దారి ఎటో చూస్తారు. లేజర్లు ఫ్లోర్ ఎత్తును, సస్పెన్షన్ కడ్డీలైన పుష్‌రాడ్‌లలోని సెన్సార్లు భారాన్ని నమోదు చేస్తాయి. బార్సిలోనాలో ఊపు ఈ రెండింటి గ్రాఫుల్లోనూ రంపపు పళ్లలా కనిపించింది.

మందులన్నీ ఖరీదైనవే. కారును ఎత్తితే ఊపు తగ్గుతుంది, డౌన్‌ఫోర్సూ తగ్గుతుంది. ఫ్లోర్ అంచు కోసి గాలిని లోనికి రానిస్తే అదే నష్టం. అంచు వంగి సందు మూసుకుపోతోందని తేలినచోట సన్నని లోహపు ఆధార కడ్డీ (స్టే) బిగించారు. ఎత్తు పెంచకుండా ఓర్చుకోవడం మాత్రం డ్రైవరు వెన్నుకు చేటు: జూన్‌లో అజర్‌బైజాన్‌లోని బాకు రేసు అయ్యాక మెర్సిడెస్ డ్రైవరు లూయిస్ హామిల్టన్ కారులోంచి నడుం పట్టుకుని దిగాడు. నియమాలు పెట్టే సంస్థ ఎఫ్ఐఏ ఆ ఆగస్టులో బెల్జియం రేసు నుంచి నిట్టనిలువు ఊపుకు 100 కిలోమీటర్లకు కిలోకు 10 జూళ్ల పరిమితి పెట్టింది, 2023కు ఫ్లోర్ అంచులను 15 మిల్లీమీటర్లు పైకి లేపింది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 1978లో మారియో ఆండ్రెట్టిని ఛాంపియన్ చేసిన లోటస్ 79 కారు ఇదే సూత్రం మీద నడిచింది, మరుసటి ఏడాది లోటస్ 80 ఇదే ఊపుతో దెబ్బతింది. 1983లో చదును ఫ్లోర్ తప్పనిసరి చేయడంతో ఆ అధ్యాయం మూతపడింది. మళ్లీ తెరిచే నాటికి పాత అనుభవం ఉన్న ఇంజనీర్లు చాలా కొద్దిమందే మిగిలారు. 2026 నియమాలు ఆ పొడవైన టన్నెల్స్‌ను తీసేసి ఫ్లోర్‌ను చాలావరకు తిరిగి చదును చేశాయి.