క్రాకోవ్ వచ్చే మనవాళ్ళకి: ఆష్విట్జ్ టికెట్టు, ఇంకొన్ని అపోహలు

పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉంటూ తెలుగు కుటుంబాలకి టూర్లు ప్లాన్ చేసిపెట్టడం నా పని. జర్మనీలోనో లండన్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వారాంతానికి దిగేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో చాలామంది ఆష్విట్జ్ గురించి (రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు నడిపిన మృత్యు శిబిరం, ఇప్పుడు మ్యూజియం) ఒకే పొరపాటు మాట నమ్మి వస్తున్నారు. ముందు దాని సంగతి చెప్తాను.

అపోహ: "ఆష్విట్జ్ ఎంట్రీ ఫ్రీయే కదండీ, పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడితే సరి."

వాస్తవం: ప్రవేశానికి రుసుము లేదు, నిజమే. కానీ ఎంట్రీ కార్డు లేనిదే గేటు దాటనివ్వరు. ఆ కార్డు మ్యూజియం సొంత వెబ్‌సైట్లో ముందుగానే, ఎవరి పేరున వాళ్ళకి, తేదీ, టైముతో బుక్ చేసుకోవాలి. కార్డు మీది పేరు గుర్తింపు పత్రంతో సరిపోవాలి. మన ఇంటిపేర్లతో తికమక వచ్చేది ఇక్కడే. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి.

రోజులో ఎక్కువ సేపు గైడ్‌తోనే వెళ్ళాలి, దానికి డబ్బు కట్టాలి. ఆ గైడ్ కూడా మ్యూజియం మనిషే, నాలాంటివాళ్ళం లోపల వివరించడానికి లేదు. గైడ్ లేకుండా ఉచితంగా చూసే స్లాట్లు తక్కువ. వేసవిలో ఇంగ్లీషు గ్రూపులు చాలా ముందే నిండిపోతాయి. కాబట్టి విమానం టికెట్టుకంటే ముందు ఈ కార్డు సంగతి చూడండి.

ఇంకోటి, అది క్రాకోవ్ ఊళ్ళో లేదు. పడమరగా 65 కిలోమీటర్లకు పైగా, ఓష్వియెన్‌చిమ్ అనే పట్టణంలో ఉంది. లోపల మూడున్నర గంటలు పడుతుంది. ఆష్విట్జ్ 1 చూశాక మూడు కిలోమీటర్ల అవతలి బిర్కెనౌకి, అంటే ఆ శిబిరంలోనే రెండో భాగానికి, బస్సులో తీసుకెళ్తారు. పొద్దున ఇది, మధ్యాహ్నం క్రాకోవ్ దగ్గరి వియెలిచ్కా ఉప్పు గని అని ఒకే రోజులో కుక్కకండి.

మొన్న వేసవిలో హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఎవరో టికెట్లు అమ్మే సైట్లో డబ్బు కట్టేస్తే, ముందురోజు రాత్రి "టూరు రద్దు" అని మెయిల్ వచ్చింది. పెద్దాయన రిటైరైన సోషల్ మాస్టారు. ఈ ఒక్కచోటు చూడాలనే పోలండ్ వచ్చారు. ఫోన్లో ఆయన గొంతు విని నాకే కడుపు తరుక్కుపోయింది. మ్యూజియం సైటు పదే పదే తెరిచి చూస్తూ కూర్చుంటే మర్నాడు సాయంత్రానికి గైడ్ లేని స్లాట్ ఒకటి దొరికింది. ఆయన ఒక్కరే వెళ్ళొచ్చారు. అద్దాల వెనక గుట్టగా పడేసిన సూట్‌కేసులుంటాయి. వాటి మీద పెద్ద పెద్ద తెల్లటి అక్షరాలతో పేర్లు, ఊళ్ళు రాసుంటాయి, మళ్ళీ తమ సామాను తమకి చేరుతుందని యజమానులే రాసుకున్నవి. మాస్టారు ఒక్కో పేరూ చదువుకుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయారట. 11 లక్షల మందిని చంపిన చోటు అది, వాళ్ళలో దాదాపు 10 లక్షల మంది యూదులు. శిబిరానికి తెచ్చిన స్త్రీల తలల నుంచి కత్తిరించిన జుట్టు ఉంచిన గదిలో ఫోటోలు తీయకూడదు. బందీల్ని తెచ్చిన రైలు పట్టాల మీద నిలబడి సెల్ఫీలు కూడా దయచేసి వద్దు.

పిల్లల్ని తీసుకెళ్ళాలా అని భయపడుతూ అడిగే తల్లులకి: 14 ఏళ్ళ లోపు వాళ్ళని తేవద్దనే మ్యూజియం సలహా. ఒకరు పిల్లలతో ఊళ్ళో ఉండిపోండి, అందులో తప్పేం లేదు.

అపోహ: "వియెలిచ్కా ఉప్పు గనిలో లిఫ్టు ఉందిగా, అమ్మకి మోకాళ్ళ నొప్పులున్నా ఫర్వాలేదు."

వాస్తవం: మామూలు టూరిస్టు రూట్లో లిఫ్టు పైకి రావడానికే. దిగడానికి మొదట్లోనే 380 మెట్లు, మొత్తం కలిపితే 800 దాకా. నడక మూడు కిలోమీటర్లు. కాళ్ళ ఇబ్బంది ఉంటే గనివాళ్ళకి ముందే రాసి అడగండి, లిఫ్టులో దిగి కొంత భాగం చూసే ఏర్పాటు ఉంటుంది. లోపల చలి చంపేస్తుందన్నది వట్టి మాట, ఏడాది పొడుగునా 17-18 డిగ్రీలే. 101 మీటర్ల లోతున ఉన్న సెయింట్ కింగా చాపెల్‌లో షాండ్లియర్లు కూడా ఉప్పు స్ఫటికాలతోనే చేశారు. అమ్మని ఆ ఒక్కటీ చూడనివ్వండి.

మిగతావి గబగబా. క్రాకోవ్‌లోని పాత రాజుల కోట వావెల్‌లో విభాగాలకి విడివిడిగా టికెట్లుంటాయి. అక్కడి కేథడ్రల్ (పెద్ద చర్చి) టికెట్టు వేరు. ప్రాంగణంలో తిరగడం ఉచితం. లియొనార్డో డావిన్సీ వేసిన 'లేడీ విత్ యాన్ ఎర్మిన్' చిత్రం కోటలో లేదు, చార్తోరిస్కి మ్యూజియంలో ఉంది. అది సోమవారం మూసేస్తారు. యుద్ధకాలంలో యూదుల్ని కాపాడిన షిండ్లర్ ఫ్యాక్టరీ (ఇప్పుడు మ్యూజియం) పాత యూదుల పేట కాజిమియెష్‌లో కాదు, విస్తులా నది దాటి పొద్‌గూజెలో. ఇక్కడ యూరో చెల్లదు, పోలండ్ కరెన్సీ జ్లోటీలు కావాలి. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అని అడిగితే వద్దని నొక్కండి.

"యుద్ధం పక్కనే కదా" అని వాట్సాప్ వార్తలు చూసి టికెట్లు రద్దు చేసుకుంటున్నవాళ్ళ ఆందోళన నాకు అర్థమవుతుంది. ఉక్రెయిన్ సరిహద్దు ఇక్కడికి 200 కిలోమీటర్లకు పైనే. ట్రాములు, బడులు, మ్యూజియాలు మామూలుగానే నడుస్తున్నాయి. ఇంకా గుబులుగా ఉంటే ఫార్వర్డులు కాకుండా వార్సాలోని భారత రాయబార కార్యాలయం ఇచ్చే సూచనలు చదివి నిర్ణయించుకోండి.